ఒక్కదానివే తేల్చేశావు

పొద్దున్నే కోడలు కంప్యూటర్ తెరిచేసరికి బల్ల చివర టీ కప్పు వచ్చి కూర్చుంది. తెచ్చిన మనిషి అప్పటికే వెనుదిరిగింది. మహమ్మారిలో మామగారు పోయి ఏడాదైంది. అప్పటి నుంచీ అత్తగారి పద్ధతి ఇదే. టీ మానరు, మాట కలపరు.

కోడలి ఉద్యోగం పరిశోధన వ్యాసాలను జల్లెడ పట్టడం. ఒక మందు మీద లోకంలో ఎవరెవరు ఏం రాశారో వెతికి, పనికొచ్చేవి ఏరి, మొత్తం మీద ఏం తేలిందో చెప్పాలి. దాన్నే సమీక్ష అంటారు. మహమ్మారి కాలంలో ఈ సమీక్షలు పుట్టగొడుగుల్లా మొలిచాయి. జనం తలుపులు వేసుకుని కూర్చుంటే పండితులు రుబ్బిందే రుబ్బారు. ఆ రుబ్బుడులో ఎంత సరుకుందో, ఎంత తొందరపాటుందో తేల్చే పని ఇప్పుడు ఈమె మీద పడింది.

ఆ రోజు తెర మీదికి వచ్చిన సమీక్షను ఆమె వెంటనే గుర్తుపట్టింది. మామగారికి కొత్త ఇంజెక్షన్ ఇవ్వమంటారా అని ఆసుపత్రివాళ్లు అడిగినప్పుడు, ఆ మందు పనిచేయదన్న ఈ సమీక్షను చదివే వద్దంది. ఇప్పుడు దాని ఎదురుగా 'నమ్మదగదు' అని తానే టైపు చేసింది. కళ్లు చెమర్చలేదు. మనసు ఇంతగా మొద్దుబారిందేమిటని మాత్రం కాస్త భయం వేసింది.

మధ్యాహ్నం భోజనం దగ్గర భర్తకు చెప్పింది.

"అంటే ఆ మందు పనిచేసేదా?"

"అదీ చెప్పలేం. తర్వాత వచ్చినవి ఒకటి ఔనంటుంది, ఒకటి కాదంటుంది."

"మరి నాన్న విషయంలో అంత గట్టిగా ఎలా చెప్పావ్?"

"అప్పటికి దొరికింది అదొక్కటే."

"మీ పనిలో ప్రతి వ్యాసాన్నీ ఇద్దరు చదవాలంటావుగా! ఒకరి నిర్ణయం రెండోవాళ్లకి తెలియకూడదంటావుగా! ఇంట్లో మాత్రం నువ్వొక్కదానివే తేల్చేశావ్. నన్నైనా అడగలేదు."

"నిజమే," అందామె, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

వంటగది గుమ్మంలో అత్తగారు నిలబడి ఉన్నారు.

"ఇద్దరెందుకు చదవాలి?" అన్నారు.

ఏడాది తర్వాత ఆవిడ గొంతు తన వైపు తిరిగేసరికి కోడలు తడబడింది. "ఒకరు పొరబడితే రెండోవాళ్లు పట్టుకుంటారని, అత్తయ్యా."

"ఇద్దరూ ఒకే మాటంటే?"

"అప్పుడది ఇద్దరి మాట."

అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఆసుపత్రివాళ్లు ముందు నాకే ఫోన్ చేశారమ్మా. ఆయన సూదులతో విసిగిపోయున్నారు, ఇంక పొడవొద్దన్నాను. కోడల్ని కూడా అడుగుతామన్నారు. నువ్వూ వద్దన్నావని తెలిసింది. అంతే, బరువంతా నీ నెత్తిన పడేసి తప్పుకున్నాను. నీతో మాట్లాడితే ఎక్కడ నోరు జారతానోనని..."

"అమ్మా! ఇన్నాళ్లూ..."

"నువ్వాగరా. ఆ రోజు నీకూ చేశారు. నువ్వు ఫోనెత్తలేదు."

కొడుకు కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

కోడలికి ముందు కోపమే వచ్చింది. ఏదో ఒకటి వచ్చింది, అదే చాలు. "ఏడాదంతా నన్ను చంపుకుతిన్నారు కదత్తయ్యా!" అంటూనే వెక్కివెక్కి ఏడ్చింది.

"తిన్నాను," అన్నారు అత్తగారు. లేచి వచ్చి ఆమె తలను తన పొట్టకు అదుముకున్నారు. ఊరుకోమని అనలేదు. మామగారు పోయాక ఆయన కోసం కోడలు ఏడవడం అదే మొదలు.