58,82,353 మధ్యలో గీత

"నా గీత ఏమైంది?"

లెక్కల మాస్టారు ఆఖరి ప్రూఫు తెచ్చి బల్ల మీద పరిచాడు. అచ్చాఫీసు గడియారం మూడుంబావు చూపిస్తోంది. నాలుగింటికి అతని పుస్తకం మెషీన్ ఎక్కుతుంది.

ప్రూఫ్ రీడర్ తలెత్తలేదు. "ఏ గీత?"

"నలభయ్యో పేజీ. 5882353. రెండో ఎనిమిది తర్వాత నిలువుగీత ఉండాలి. మీరు కొట్టేశారు."

"సిరా మరక అనుకున్నా."

"మూడు ప్రూఫుల్లో కనబడనిది నాలుగో దాంట్లో కనబడిందా?"

"కళ్లజోడు మార్చాను లెండి. అయినా గీతకింత రాద్ధాంతమా?"

మాస్టారు ఆమె పెన్సిలే తీసి ఆమె చేతికిచ్చాడు. "గీత దగ్గర విరవండి. ఇటు 588, అటు 2353. దేన్ని దానితోనే హెచ్చవేసి, రెండూ కలపండి."

ఆమె ప్రూఫు వెనక లెక్క వేసింది. 3,45,744. 55,36,609. కూడిక చివర పెన్సిలు ఆగిపోయింది.

"మళ్లీ అదే వచ్చింది."

"విరిచినా కలిస్తే అదే. పైగా ప్రధాన సంఖ్య. ఒకటీ, తనూ తప్ప దాన్నేదీ భాగించలేదు."

"మీలాగే మొండిది."

అతను నవ్వాడు. గడియారం చూడగానే నవ్వు పోయింది. మూడు నెలలుగా ఏదో ఒక తప్పు పట్టుకుని వస్తున్నాడు. ఈ రోజుతో ఆ దారి మూసుకుపోతుంది. వంద లెక్కలు రాసినవాడికి ఒక్క మాట పెగలడం లేదు.

"ఇంక తప్పులేమీ లేవు," అన్నాడు చివరికి. "అంటే... రావడానికి కారణం కూడా లేదు."

"మీరు పట్టుకున్న పదకొండు తప్పుల్లో తొమ్మిది మీ రాతప్రతిలోనే ఉన్నాయి మాస్టారూ. ఏడెనిమిదులు యాభై నాలుగని ఏ లెక్కల మాస్టారు రాస్తాడు?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "తెలిసీ ఊరుకున్నారా?"

"ఊరుకోలేదుగా, గీత తీసేశాను." ఆమె గొంతు తగ్గింది. "ఎనిమిదేళ్ల ఉద్యోగంలో తెలిసి చేసిన తప్పు అదొక్కటే. మీకు బాగా ఇష్టమైన పేజీ చూసి మరీ చేశాను. పరుగెత్తుకొస్తారని."

"రాకపోతే?"

"మూడున్నరకి నేనే మళ్లీ పెట్టేసేదాన్ని. మీ మీద కోపంతో పుస్తకం పాడుచేస్తానా?"

తలుపు దగ్గర దగ్గు వినిపించింది. ఆమె తండ్రి. ఆ అచ్చాఫీసు మెషీన్ ఫోర్‌మన్. చేతులు గుడ్డతో తుడుచుకుంటున్నాడు.

"గీత ఉండాలా, వద్దా?"

"ఉండాలి నాన్నా."

ఆయన ప్రూఫు అందుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "అరవై నాలుగు పేజీల పుస్తకం. మూడు నెలలు దిద్దారు. నాకు లెక్కలు రావు గానీ, ఇది మాత్రం తెలుస్తోంది. ఏం బాబూ, రెండో భాగం రాస్తారా, లేక నేరుగా ఇంటికొస్తారా?"

మాస్టారు ఈసారి లెక్క వేసుకోలేదు.

"ఇంటికే వస్తానండి."

గీత మళ్లీ పెట్టి అంతా సిద్ధం చేసేసరికి గడియారం నాలుగు కొట్టింది. లోపల మెషీన్ కదిలింది.