మూడో రిజెక్షన్ తర్వాత

ఈ సృష్టిలో దోషమెరుగనివి రెండే: సూర్యోదయం, కచ్చితంగారి ఇన్‌వాయిస్. మబ్బు పట్టిన రోజుల్లో మొదటిదాన్ని అంతగా నమ్మలేం.

ఒక విమానసంస్థ అమ్మిన టికెట్టు మీద ప్రయాణికుణ్ణి మరో సంస్థ మోసుకుపోతుంది. మోసిన కూలికి ఈ-ఇన్‌వాయిస్ పంపడం అతడి ఉద్యోగం. ‘కచ్చితంగారు’ అన్నది ఇరవయ్యేడేళ్ళకే సహోద్యోగులు కట్టబెట్టిన బిరుదు.

అంతటివాడి ఇన్‌వాయిస్ ఒకనాడు తిరిగివచ్చింది. కారణం: ‘అమ్మ ఒళ్ళో కూర్చున్నవాడికి నిండు సీటు డబ్బులా?’

అతడు ఉగ్రుడై అవతలి సంస్థకు ఫోన్ చేశాడు.

“నా బిల్లు రిజెక్ట్ చేసింది మీరేనా?”

“బిల్లుని కాదండీ, అందులో పొరపాటుని,” అంది అక్కడ బిల్లులు తనిఖీ చేసే అమ్మాయి. “బిల్లుకేం, ముచ్చటగా ఉంది.”

“మా దగ్గర పొరపాట్లు జరగవు.”

“పిల్లాడి వయసు చూడండి.”

చూశాడు. ఏడు నెలలు.

“సారీ అండీ.”

“పర్లేదు. పాకడం రానివాణ్ణి పెద్దమనిషిని చేశారు. దీవెన అనుకుంటాం.”

వేల టికెట్ల గుట్టలో ఆ పసివాణ్ణి పట్టిన కన్ను ఎలాంటిదై ఉంటుంది! నాటినుంచి ఆమె రిజెక్షన్లను పండితుడు శ్లోకం చదివినట్లు రెండేసిసార్లు చదువుకున్నాడు. పదిమందీ దాటిపోయే పైసా దగ్గర ఆమె ఆగేది.

అంతలో పిడుగులాంటి సర్క్యులర్ వచ్చింది. వచ్చే నెలనుంచి బిల్లుల్ని యంత్రమే ముందుగా సరిదిద్దుతుంది. ఇక రిజెక్షన్లుండవు, అంటే, ఆమె ఉండదు. తప్పుల్లేని జీవితాన్ని తలుచుకుంటే అతడికి అన్నం సయించలేదు.

విమానం అందుకోలేకపోయిన ప్రయాణికుడొకడి పేరిట కావాలనే బిల్లు వేశాడు. ఆమె తిప్పికొట్టింది. ‘అతడు మనసులో ప్రయాణించాడు’ అని ఇతడు ఆ రిజెక్షన్‌నే తిరిగి రిజెక్ట్ చేశాడు, లెక్కకది రెండోది. ‘మనసుకి బోర్డింగ్ పాస్ ఉందా?’ అంటూ మూడో రిజెక్షన్ వచ్చింది. మూడు అయ్యాక ఆన్‌లైన్ దారి మూసుకుంటుంది, ఇరుపక్షాలూ నేరుగా మాట్లాడుకోవాలి. అది ఆ వ్యాపార ధర్మం.

ఫోన్ మోగింది.

“మూడూ అయిపోయాయండీ. ఇప్పుడు చెప్పండి.”

“బిల్లు తప్పే. కావాలనే వేశాను. వచ్చే నెలనుంచి మీరు నన్ను తిప్పికొట్టరు కదా... మిమ్మల్ని ఒక్కసారి చూడాలి.”

“మీ తిక్క జవాబు మా మేనేజర్‌కి చూపిస్తే బిల్లు అక్కడే రద్దయ్యేది. మూడోది నేనెందుకు పంపినట్టు, మహానుభావా?”

“ఎందుకు?”

“ఇంత కచ్చితం మనిషివి, ఇది కూడా నేనే చెప్పాలా!”

‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది. సామ్రాజ్యాలు ఇంతకన్నా చిన్న కారణాలకు చేతులు మారాయి. రెండు సంస్థల ఆఫీసులూ ఒకే భవనంలో ఉన్నాయి; సముద్రాల అవతల విమానసంస్థల లెక్కలు తేల్చే క్లియరింగ్ హౌస్‌దాకా వెళ్ళొచ్చిన వాళ్ళ బిల్లులకు అసలు దూరం ఒక్క అంతస్తు. అతడు మెట్లు దూకుతూ దిగాడు. తలుపు దగ్గర ఆమె, జడలో పెన్ను గుచ్చుకుని, నవ్వు ఆపుకుంటూ నిలబడి ఉంది.

“అమ్మకి నీ సంగతి చెప్పేశాను. తప్పు ఒప్పుకునే మగాడా, వెంటనే తీసుకురమ్మంది.”

ఇద్దరూ క్యాంటీన్‌లో టీ తాగారు. డబ్బులు ఆమే ఇచ్చింది. అతడి పర్సు పై అంతస్తులో ఉండిపోయింది.