పట్టు దొరకని కణాలు

ఏజెంట్ సెవెన్‌కి ఒక అక్క ఉంది, అదే అతని ఖర్మ. ఆరు దేశాల గూఢచారులు ఆరా తీయలేని ఫోన్ నంబరు ఆవిడకెలా దొరికిందో గానీ, రోజూ పొద్దున్నే మోగించి, "తిన్నావా?" అని అడిగి, జవాబు వినకుండానే పెట్టేస్తుంది. ఇరవై రోజులుగా అతను విన్న సొంత మనిషి గొంతు అదొక్కటే.

విదేశీ ముఠా నాయకుణ్ణి కళ్ళారా చూసిన ఏకైక సాక్షి, ఒళ్ళు కాలి ఆస్పత్రిలో ఉన్నాడు. అతని కణాలతోనే అక్కడి ల్యాబ్‌లో చర్మం పెంచుతున్నారు. ఇవాళ పదకొండింటికి ఆపరేషన్. చర్మం అందకపోతే మనిషి దక్కడు. ల్యాబ్‌లోనే ముఠా మనిషి ఉన్నట్టు కబురు.

సెవెన్ ఇరవై రోజుల కిందటే అక్కడ క్లీనర్ వేషంలో చేరాడు. అతని అనుమానమంతా ముసలి టెక్నీషియన్ మీద. ఎవరితోనూ కలవదు, కణాలు పెంచే డిష్‌లు ముట్టుకోనివ్వదు. ఆమె టీ ఇస్తే, విషమేమోనని సింకులో పోసేవాడు. మైక్రోస్కోప్‌లో చూపించింది మాత్రం చూసేవాడు.

"చూడు నాయనా, కొల్లాజెన్ జిగురు పూసిన డిష్ మీద ఎలా కాళ్ళు చాపుకుని, ఒకదాన్నొకటి పట్టుకున్నాయో! ఉత్తి ప్లాస్టిక్ మీదైతే గుండ్రంగా ముడుచుకుని, ఎవరికీ కాకుండా తేలుతుంటాయి."

ఆ రెండో రకం తనకు బాగా తెలిసినవాళ్ళే అనిపించేది సెవెన్‌కి.

పదిన్నర. ఉదయం నుంచీ, కణాల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ దగ్గరే తిరుగుతున్న మేడమ్ డిష్‌ల పెట్టె అందుకుంది. హైహీల్స్, ఎర్ర లిప్‌స్టిక్, సెవెన్ డిపార్ట్‌మెంట్ చీఫ్ స్వయంగా పంపిన అండర్‌కవర్ డాక్టర్.

"ఒక్కసారి చూసి ఇస్తానమ్మా," అంది టెక్నీషియన్.

"టైమ్ లేదు!"

చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు: "సెవెన్, ముసలామె కావాలనే ఆలస్యం చేస్తోంది. ఆపు."

సెవెన్ పెట్టెలోంచి ఒక డిష్ లాక్కుని తనే మైక్రోస్కోప్ కింద పెట్టాడు. నిన్న దుప్పటిలా పరుచుకున్న కణాలు, ఇవాళ విడివిడిగా, గుండ్రంగా తేలుతున్నాయి.

"ఇది ఉత్తి ప్లాస్టిక్! డిష్‌లు మార్చేశారు!"

మేడమ్ చేతిలోని లిప్‌స్టిక్ అతని వైపు తిరిగింది. దాని మూతలో తుపాకీ గొట్టం. సెవెన్ మాప్ కర్రతో హైహీల్స్‌ని ఒక్క ఊపు ఊపాడు. తూటా సీలింగ్‌కి తగిలింది, మేడమ్ నేలకి. ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లో అసలు డిష్‌లు వెచ్చగా, భద్రంగా దొరికాయి. టెక్నీషియన్ ఒక్కొక్కటీ చూసి తలూపింది. పదీ యాభై ఎనిమిదికి అవి ఆపరేషన్ థియేటర్ గడప దాటాయి.

పోలీసులు వెళ్ళాక ల్యాబ్ బోసిపోయింది. చీఫ్ చెవిలో ఒక్క దగ్గు దగ్గాడు. పొరపాటు ఒప్పుకునే కోడ్‌వర్డ్ డిపార్ట్‌మెంట్‌లో ఇంకా తయారు కాలేదు మరి.

సెవెన్ ఇయర్‌పీస్ తీసి జేబులో వేసుకుని, ముసలావిడ పక్కన స్టూల్ లాక్కున్నాడు.

"ఇరవై రోజులూ మిమ్మల్నే దొంగ అనుకున్నానమ్మా," అన్నాడు. "తప్పు నాదే."