మూడు అనకముందే

"ఇంటర్వ్యూలో 'నర్సింగే ఎందుకు?' అని అడిగితే మీరేం చెప్తారు?"

ఆసుపత్రి వార్డులో ఉతికిన దుప్పటి మడతపెడుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి. అడిగినవాడు రెండో కొస పట్టుకుని పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. అంత నవ్వు ఊరికే రాదని ఆమె అనుభవం.

ఆ అనుభవం ఇన్సూరెన్స్ ఆఫీసుది. కామర్స్ డిగ్రీతో అక్కడ చేరింది మొదలు ఆమెకు ఒకటే పని. ఆసుపత్రి బిల్లులతో వచ్చినవాళ్ళు నిజం చెబుతున్నారా, బుకాయిస్తున్నారా అని ఆరా తీయడం. నొప్పితో మూలిగేవాళ్ళని కూడా అనుమానించీ అనుమానించీ తనమీద తనకే రోత పుట్టింది. అందుకే రెండో డిగ్రీగా నర్సింగ్‌కి అప్లై చేసింది. సీట్లు పిడికెడు, వచ్చేవాళ్ళు బోలెడు. పైగా ఇంటర్వ్యూకి ముందు కొన్నాళ్ళు వార్డులో వాలంటీర్‌గా చేయాలి. ఆమె ఆఫీసును వదిలింది గానీ, అనుమానం ఆమెను వదల్లేదు.

"ఎందుకు? నా జవాబు కాపీ కొట్టడానికా?"

"నా జవాబు నాకే నచ్చట్లేదండీ. మీది వింటే కాస్త ధైర్యం వస్తుందని."

"రాళ్ళు చదివినవాళ్ళకి రోగులతో పనేంటో!"

అతనూ ఆమెలాగే సీటు కోసం వచ్చిన వాలంటీరే, చదివింది భూగర్భశాస్త్రం. ఆమె మనసులో అతనికి పెట్టిన పేరు రాళ్ళబాబు.

"రాళ్ళు తిరిగి మాట్లాడవు కదా, డిటెక్టివ్ గారూ. నాకేమో నోరు ఊరుకోదు."

ఆమెకు నవ్వొచ్చింది. వెంటనే మింగేసింది. ఎందుకంటే ఇతను ఎప్పుడు చూసినా ఆమె షిఫ్టులోనే ఉంటాడు. పెద్ద సిస్టర్‌ని పక్కకి పిలిచి గుసగుసలాడతాడు. ఇంటర్వ్యూ బోర్డులో కూర్చునేది ఆవిడే మరి!

"వాడెవడో నీ సీటుకి ఎసరు పెడుతున్నాడే" అని తేల్చేసింది అమ్మ. అమ్మకి ఈ విషయంలో కూతురే గురువు.

ఇంటర్వ్యూ రోజు ఇద్దరినీ జంటగా పిలిచారు. మంచం మీద రోగిలా నటిస్తూ ఒక రిటైర్డ్ మాస్టారు. చెరో పక్క నిలబడి, ఆయన కింద పరిచిన దుప్పటి పట్టుకుని ఆయన్ని పైకి జరపాలి. కుడిపక్క ఉన్నవాళ్ళు లెక్క చెప్పాలి, మూడు అనగానే ఇద్దరూ కలిసి లాగాలి. కుడిపక్క నిలబడింది రాళ్ళబాబు.

రెండు అనగానే లాగేసి, నేను ఆలస్యం చేశానని చూపిస్తాడేమో! ఆమె కళ్ళు అతని చేతుల మీదే ఉన్నాయి.

"ఒకటి... రెండు..."

ఆమె లాగేసింది. మాస్టారు ఒక పక్కకి దొర్లి, "ఓరి నాయనో!" అని అరిచారు. అరుపు మాత్రం నటన కాదు. రాళ్ళబాబు రెండు చేతులూ అడ్డుపెట్టకపోతే ఆయన కిందపడేవారే.

"ఎవరి పొరపాటు?" అంది పెద్ద సిస్టర్.

"ఇద్దరిదీ మేడమ్" అన్నాడతను.

ఇందులో ఇతనికేం లాభం? ఎంత వెతికినా ఆమెకు దొరకలేదు. దొరక్కపోయేసరికి సిగ్గేసింది.

"కాదు మేడమ్, నాదే. ఇతను నన్ను ముంచుతాడని అనుమానపడ్డాను. రోగిని వదిలేసి ఇతన్ని కనిపెడుతూ నిలబడ్డాను." మాస్టారి వైపు తిరిగి, "క్షమించండి" అంది.

పెద్ద సిస్టర్ అతన్ని సూటిగా చూసింది. "వార్డులో పక్కవాళ్ళ తప్పు కప్పిపుచ్చితే రోగి ప్రాణం మీదకొస్తుంది. తెలుసా?"

అతను తలదించుకున్నాడు.

ఫలితాలొచ్చాయి. ఆమెకు సీటొచ్చింది. అతను వెయిటింగ్ లిస్టులో మొదటివాడు. తనని కాపాడబోయి అతను వెనకబడ్డాడని ఆమెకు అర్థమైంది. సంతోషం గొంతు దిగలేదు.

సాయంత్రం వాన జోరుగా పడుతుంటే అతనే ఆమె ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు, నిలువునా తడిసి.

"సీటు వదులుకోమంటాడు, మాటిచ్చేవు జాగ్రత్త!" అని అమ్మ లోపల్నించి హెచ్చరించింది.

"మీరు మానేస్తే నాకొస్తుంది, తెలుసుగా" అన్నాడతను.

"అందుకేనా వచ్చారు?"

"అందుకే. నా గురించి బాధపడి మానేస్తారేమోనని భయమేసింది. వద్దు. నేను వచ్చే ఏడు మళ్ళీ అప్లై చేస్తా, మీ జూనియర్‌గా చేరతా."

ఆమె పాపిష్టి బుర్ర ఇంకా ఊరుకోలేదు. "మరి పెద్ద సిస్టర్‌తో ఆ గుసగుసలేంటి?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "మీ షిఫ్టులో వెయ్యమని బతిమాలేవాణ్ణి. అబద్ధమనుకుంటే ఆవిడకి ఫోన్ చేసి కనుక్కోండి. నాకు మీరంటే ఇష్టం. మీరు అనుమానంగా చూసే చూపుతో సహా."

ఫోన్ ఆమె చేతిలోనే ఉంది. దాన్ని బల్ల మీద పెట్టేసింది. కళ్ళు చెమర్చాయి. ఇతని మాట నమ్మడం ఎంత హాయిగా ఉందో!

"ఏమంటున్నాడే? సీటడుగుతున్నాడా?" అమ్మ కేకేసింది.

"సీటు కాదమ్మా. నన్నడుగుతున్నాడు."

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. "మరి నువ్వేమన్నావే?"

"సరేనన్నానమ్మా" అంది ఆమె, అతనికి ఆ మాట ఇంకా చెప్పకుండానే.