గంజిసత్రానికి పట్టిన గ్రహణం

పట్టపగలే చీకటి పడుతోంది!

పంతొమ్మిది వందల ఎనభై... మాఘ బహుళ అమావాస్య... శనివారం! గుత్తి కొండ మీద కోట గోడలు ఒక్కొక్కటే నల్లబడుతున్నాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా పడమటి దిక్కున ఎక్కడో ఉరుము! వేరుశనగ పీకేసిన బీళ్ళ మీద ఎండ పాలిపోయి బూడిద రంగుకు తిరిగింది. కాకులు గూళ్ళకు చేరాయి. వాటి బదులు గుడ్లగూబలు గొంతు విప్పాయి. ఊళ్ళలో జనం తలుపులు బిడాయించుకొని, కుండల మీద గరిక వేసి, పిల్లల్ని ఒళ్ళో అదుముకొని కూర్చున్నారు. రోడ్డు మీద ఒక్క బస్సు లేదు, ఒక్క ఎద్దులబండి లేదు. క్షుద్రోపాసకుడికి ఇంతకన్నా మంచి ముహూర్తం ఎక్కడ దొరుకుతుంది? గొంతు చించుకొని అరిచినా ఒక్క తలుపూ తెరుచుకోదు!

ఊరికి దూరంగా, అనంతపురం రోడ్డు పక్కన నల్లరాతి స్తంభాల గంజిసత్రం. ఆ సత్రంలో రామాంజినమ్మ తన చేతులతోనే పొయ్యి మీద నీళ్ళు కుమ్మరించింది. నిప్పు బుస్సుమంది. ఆమెకు ఆర్పాలని లేదు. అయినా ఏం చేస్తుంది? ఆర్పమన్నవాడు తమ్ముడు!

అది మామూలు పొయ్యి కాదు. నూరేళ్ళ కిందట, ధాత కరువులో మనుషులు దారి పొడవునా పడి చచ్చిపోతున్న రోజుల్లో, ఆమె ముత్తవ్వ బయమ్మ వెలిగించిన పొయ్యి. సత్రం దాకా నడవలేక చీకట్లో కూలబడినవాళ్ళకు దిక్కు తెలియాలని, గంజి కాగగానే బయమ్మ రోడ్డు మీదికి వచ్చి గొంతెత్తి పిలిచేదట. ఆ పిలుపు విని పాక్కుంటూ వచ్చినవాళ్ళు బతికారు. విని కూడా రాలేనివాళ్ళు విన్నచోటే కన్ను మూశారు. నాటి నుంచి ఆ ఇంటి ఆడవాళ్ళు పిలుపు పిలవకుండా ముద్ద నోట పెట్టలేదు, పొయ్యిని చల్లారనివ్వలేదు. గ్రహణాల్లో కూడా అది మండుతూనే ఉండేది. దారిన పోయేవాళ్ళు పంచాంగం చూసుకొని ఆకలిగొంటారా అనేది బయమ్మ!

బస్సులు, లారీలు వచ్చాక సత్రంలో దిగేవాళ్ళు తగ్గిపోయారు. పైకప్పు బండలు కుంగాయి. రోడ్డు వెడల్పు చేయడానికి దాన్ని పడగొడతారన్న మాట పుట్టింది. పెళ్ళీ పెటాకులూ మాని సత్రాన్నే నమ్ముకున్న రామాంజినమ్మకు ఆ మాట విన్నప్పటి నుంచి కంటిమీద కునుకు లేదు. సరిగ్గా అప్పుడే, లారీ క్లీనరుగా తిరిగే తమ్ముడు ఎర్రిస్వామి ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకొని వచ్చాడు.

"అక్కా, ఈయప్ప పేరు బసప్ప. బళ్ళారి నుంచి వచ్చినాడు. పాత కట్టడాలు కాపాడే పండితుడు. ఈయప్ప ఒక్క మాట రాసినాడంటే ఇంగ మన సత్రాన్ని ఎవురూ ముట్టుకోలేరు."

ఆ మాటతో ఆమె ప్రాణం లేచి వచ్చింది. కాళ్ళకు నీళ్ళిచ్చింది, కొర్రన్నం పెట్టింది. తెల్లచొక్కా పండితుడు స్తంభాలకు ఫోటోలు తీశాడు, గోడలు నిమిరాడు. కొలతల టేపు మాత్రం పొయ్యి చుట్టూనే తిరిగింది. వెర్రితల్లి, అది కూడా సత్రం మంచికే అనుకుంది!

గ్రహణం పట్టబోయే వేళకు ఎర్రిస్వామి ఆమె పక్కన చేరాడు. "ఇది మామూలు గ్రహణం కాదంటక్కా. రేడియోలో కూడా చెప్తాండారు. పొయ్యి మండితే సత్రానికే అరిష్టమంట. ఈ ఒక్కపూట ఆర్పు."

"బయమ్మవ్వ కట్టడి కదరా..."

"నాకంటే చచ్చిపోయిన అవ్వ ఎక్కువైపాయెనా నీకు?"

పురిట్లోనే తల్లిని పోగొట్టుకున్న వాణ్ణి మేకపాలు పట్టి, చంకనేసుకొని పెంచింది ఆమె. ఆ ఒక్క మాటకు కరిగిపోయింది. పొయ్యి ఆర్పేసింది.

మరుక్షణం సత్రం తలుపుకు లోపలి నుంచి గడియ పడింది!

ఆమె తిరిగి చూసింది. తెల్లచొక్కా లేదు... పండితుడూ లేడు! ఒంటినిండా చితాభస్మం, నడుముకు నల్లగుడ్డ, మెడలో ఎముకల పేరు, చేతిలో పసుపు కుంకుమలు పులిమిన కపాలం! బసప్ప కళ్ళు చింతనిప్పుల్లా మండుతున్నాయి. ఆ కపాలాన్ని అతడు తడిబూడిదలో, పొయ్యి నడుమ ప్రతిష్ఠించాడు.

"ఎన్నాళ్ళాయె ఈ గడియ కోసం! దీని కింద నిధి ఉండాదే ముసలిదానా... నీ ముత్తవ్వ పూడ్చిన నిధి! పొయ్యి మండినన్నాళ్ళూ నా మంత్రం ఈడ పారలేదు. దాన్ని ఈ ఇంటి చెయ్యే ఆర్పాల. ఆర్పినావు! ఇంగ ఈ ఇంటి నెత్తురు ఈ కపాలం మీద పడాల!"

"స్వామీ!" రామాంజినమ్మ తమ్ముడి వైపు చూసి కేక పెట్టింది. "చూస్తాండావేమిరా? వాడు ఏమంటాండాడో ఇన్యావా?"

ఎర్రిస్వామి తలెత్తలేదు. బావి చేంతాడు చేత పట్టుకొని దగ్గరికి వచ్చాడు.

"నీకు... నీకు ముందే తెలుసునా?"

"కదలాకక్కా. బిన్నె అయిపోతాది, రెప్పపాటు పని."

 స్తంభానికి కట్టేస్తుంటే చేతులు తానే వెనక్కి ఇచ్చింది. ఎవరి కోసం పెనుగులాడాలి? ఏ బతుకు కోసం? ముడి గట్టిగా పడిందో లేదో వాడు రెండోసారి లాగి చూసినప్పుడు మాత్రం ఆమె గుండె నిలువునా చీలిపోయింది.

బయట సూర్యుడు గోటిముక్కంత మిగిలాడు. ఆకాశం ఫెళఫెళమని గర్జించింది! బసప్ప విస్తరి పరిచి, నెత్తుటి అన్నపుముద్ద పెట్టి, నిమ్మకాయలు కోసి, దాని ముందు బాసింపట్టు వేశాడు. "హ్రీం... క్లీం... ఫట్! ఫట్!" నల్లటి భస్మం తీసి ఆమె నుదుట పులిమాడు. అంతే! రామాంజినమ్మ ఒళ్ళు వంకర్లు తిరిగింది. జుట్టు ముడి ఊడి ముఖం మీద పడింది. కళ్ళు తేలిపోయి తెల్లగుడ్లు కనిపించాయి. శరీరం ఆమె వశం తప్పింది.

"పిలువు! ఈ ఇంటి ఆడది పిలవందే నేను కొలిచే శక్తి గడప దాటి లోనికి రాదు. రమ్మని పిలువు!"

మంత్రం ఆమె దవడలను బలవంతంగా తెరిచింది. గొంతును నులిమి శబ్దాన్ని పైకి లాగింది. కానీ పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఆ గొంతుకు తెలిసిన పిలుపు ఒక్కటే!

"అన్నం తినని వాళ్ళు ఎవురన్నా ఉండారా...! గంజి ఉండాది... ఆకలిగొన్న వాళ్ళు రాండి నాయనా... రాండి...!"

అది ఒక్క మనిషి గొంతు కాదు. ఆమె తల్లి, అవ్వ, ముత్తవ్వ బయమ్మ... అందరూ ఒక్కసారిగా పిలిచినట్టు రాతికప్పు మారుమోగింది.

"అది కాదు! నోరు మూయి!" బసప్ప అరిచాడు.

ఆలస్యమైపోయింది.

గుడ్లగూబలు టక్కున ఆగిపోయాయి. నిశ్శబ్దం... భయంకరమైన నిశ్శబ్దం! ఆ తర్వాత బీళ్ళలోంచి, రోడ్డు వారల నుంచి ఒక చప్పుడు మొదలైంది. అడుగుల చప్పుడు కాదు. మోకాళ్ళు, మోచేతులు నేలకు రాసుకుంటున్న చప్పుడు! తలుపు గడియ పటుక్కున విరిగింది. పాక్కుంటూ వచ్చారు... డొక్కలు ఎండిన మగవాళ్ళు, పొట్టలుబ్బిన పసివాళ్ళు, ఆరిపోయిన చనుకట్టుకు బిడ్డను అదుముకున్న తల్లులు! పిలుపు విని కూడా రాలేకపోయినవాళ్ళు నూరేళ్ళ తర్వాత సత్రం చేరుకున్నారు.

బసప్ప దిగ్బంధనం చేశాడు. నిమ్మకాయలు విసిరాడు, భస్మం జల్లాడు. ఆకలికి మంత్రాలు వినబడతాయా? వాళ్ళు ఆగలేదు. స్తంభాల వెంట పంక్తిగా కూర్చున్నారు. తలలు తిప్పి చల్లారిన పొయ్యి వైపు చూశారు. ఆ తర్వాత ఉన్న ఒక్క విస్తరి వైపు చూశారు. చివరికి, దాని ముందు కూర్చున్నవాడి వైపు చూశారు.

రామాంజినమ్మ నోట బయమ్మ గొంతు పలికింది. "పంక్తి కూర్చున్యారు. పొయ్యి ఆర్పించినావు. ఇంగ వడ్డించేదానికి ఏముండాది బసప్పా?"

"వద్దు... వద్దూ! అమ్మా... తల్లీ...!"

మొదట నెత్తుటి ముద్ద పోయింది. ఆ తర్వాత కపాలం పొడి అయింది. అటుపైన లేచిన కేక గుత్తి కొండకు తగిలి తిరిగి వచ్చేలోగా అతడి గొంతే లేకుండా పోయింది! విస్తరి ముందు వేరుశనగ పొట్టులాంటి ఎండు తోలు, గుప్పెడు ఎముకలు మిగిలాయి.

ఆ ఆకలి అంతటితో తీరలేదు. పంక్తి మొత్తం ఎర్రిస్వామి వైపు తిరిగింది. వాడు అక్క కాళ్ళ మీద పడ్డాడు. "అక్కా! నన్ను ఇడిపించక్కా! నీ బిడ్డనక్కా!"

రామాంజినమ్మకు తెలివి వచ్చింది. ఆమెను కట్టిన తాడు పీచుపీచై కింద పడి ఉంది. ఆమె నోరు మెదపకుండా ఉంటే చాలు, వాడి లెక్క తేలిపోతుంది. నిజం చెప్పాలంటే ఆమెకు ఊరుకోవాలనే అనిపించింది. కడుపు అంతగా మండిపోయింది! కానీ మనిషిని మనిషి తినే గతి రాకూడదనే కదా బయమ్మ ఈ పొయ్యి పెట్టింది? వీడి ఒక్కడి మీద కసితో ఆ పుణ్యాత్మురాలి పనిని తన చేతులతో చెడగొట్టడమా?

"ఆగండి నాయనా! గంజి కాస్తా!"

తడిబూడిద ఎత్తిపోసింది. ఎండు కంపలు పెట్టి అగ్గిపుల్ల గీసింది. ఎసట్లో జొన్ననూక పోసింది. ఆమె గంటె తిప్పుతున్నంతసేపూ ఆ పంక్తి కదలలేదు. ఒక్కొక్కరి దోసిట్లో గంజి పోసింది. తాగినవాళ్ళు తాగినట్టే పొగలా కరిగిపోయారు. ఆఖరున చంటిబిడ్డ తల్లి తాగి, ఇంకా రావాల్సినవాళ్ళెవరో ఉన్నట్టు గడప వైపు మళ్ళీ మళ్ళీ చూస్తూ మాయమైంది. సూర్యుడి అంచున వెలుగు పొడిచింది.

ఆ సంగతి ఊరూరా పాకాక సత్రం మీద గునపం వేసే మగాడు పుట్టలేదు. తర్వాత రోడ్డు వెడల్పయింది గానీ, గంజిసత్రం దగ్గరికి వచ్చేసరికి పక్కకు తిరిగి పోయింది.

గ్రహణం విడిచిన ఆ సాయంత్రం మాత్రం సత్రంలో ఇద్దరే ఉన్నారు. ఎర్రిస్వామి మోకాళ్ళలో తల పెట్టుకొని వెక్కుతున్నాడు. రామాంజినమ్మ వాడి ముందు విస్తరి వేసి, అన్నం పెట్టి, నీళ్ళచెంబు పక్కన ఉంచింది.

"తప్పైపాయెనక్కా. కొట్టు, తిట్టు. ఒక్క మాట మాట్లాడక్కా."

ఆమె వాణ్ణి తేరిపార చూసింది. ముందెన్నడూ చూడని మనిషిని చూసినట్టు, నెమ్మదిగా అడిగింది.

"మీది ఏ ఊరప్పా?"

"అక్కా! నేను... నేనక్కా, స్వామిని..."

"తిను నాయనా. దోవన పోయేవాళ్ళకు ఈడ మూడు పూటలు అన్నం పెడతాము. ఆ తర్వాత ఎవురి దోవ వాళ్ళది."

ఆ పొయ్యి వెనక గదిలో పుట్టినవాడు ఏ ఊరని చెబుతాడు? అన్నం చల్లారిపోతోంది. ఎర్రిస్వామి చెయ్యి విస్తరి దాకా పోయి ఆగిపోయింది.