మడ్‌లిక్ వంతెన కింద మూలుగు

మడ్‌లిక్ వాగు మీది వంతెన దగ్గరికి రాగానే బండి అద్దాలు పైకెత్తేయని మగాడు ఆ లోయలో లేడు. ఎండాకాలమైనా అంతే. ఉడికి చస్తారు గానీ అద్దం దించరు.

ఆ వంతెన కట్టేటప్పుడు ఓ కూలీ తడి కాంక్రీటులో పడిపోయాడట. మేస్త్రీకి పని ఆపడం ఇష్టం లేక, పైనుంచి ఇంకో తొట్టెడు పోయించేశాడట. అప్పట్నుంచీ వాడు స్తంభంలో నిలబడే ఉన్నాడని చెప్పుకుంటారు. ఆకులు రాలే కాలం వచ్చిందా... చీకటి పడీ పడకముందే మూలుగు మొదలు.

"ఊఁ... ఊఁఊఁ..." అని.

బొగ్గు లారీల వాళ్లు హారన్ మీంచి చెయ్యి తీయకుండా దాటేస్తారు. పాస్టరుగారైతే కొండ చుట్టూ తిరిగి వెళ్తాడు. అడిగితే ఆ దారి అందంగా ఉంటుందంటాడు.

అలాంటి చోటికి వెళ్లాల్సి వచ్చింది డెల్బర్ట్ స్కాగ్స్‌కి.

డెల్బర్ట్ పని వంతెనలు చూడటం. రాష్ట్రంలో ఉన్న వేల వంతెనల్లో ఏది గట్టిగా ఉంది, ఏది పెచ్చులూడుతోంది, దేనికి అతుకు వేస్తే సరిపోతుంది, దేన్ని పడగొట్టి మళ్లీ కట్టాలి — ఇదంతా సుత్తితో తట్టి తేల్చాలి, పుచ్చకాయ కొనేవాడిలాగా. మంచి కాంక్రీటు ఖంగుమంటుంది. పుచ్చిపోయింది డుబ్బుమంటుంది. ఎత్తులంటే అతనికి భయం లేదు. పాములంటే లేదు. దెయ్యాలంటే మాత్రం... చిన్నప్పుడు వాళ్లమ్మమ్మ చెప్పిన కథలు ఒంట్లోంచి పోలేదు.

డిసెంబరు నెల. ఆ పొద్దున మొదలుపెట్టిన వంతెన ఎంతకీ తెమల్లేదు. మడ్‌లిక్ చేరేసరికి సూర్యుడు కొండ వెనక్కి జారుకున్నాడు. వాగు మీద మంచు పొగలా లేస్తోంది.

"ఈ పూటకి నువ్వు దిగి ఆ చివరి స్తంభం ఒక్కటీ తట్టేసెయ్, డెల్," అంది రెనీ. అతనితో కలిసి పనిచేసే పిల్ల, నోరు కాస్త ఎక్కువ. "నేను బంకుకెళ్లి మాంసం కూరిన పెప్పరోనీ రొట్టెలు పట్టుకొస్తా."

"ఇద్దరం వెళ్దాం. తిన్నాక చూసుకోవచ్చు..."

"భయమా?"

"భయమెందుకూ! ఆకలి."

"అందుకేగా తెస్తానంటున్నా." బండి తిప్పుకుని వెళ్లిపోయింది.

ఈ వంతెనకి పోయినసారి తొమ్మిదికి ఐదు మార్కులు పడ్డాయి. ఫరవాలేదని అర్థం. ఆ ఐదు వేసినాయన చివరి స్తంభం దాకా నడిచాడో లేదో ఆ దేవుడికే తెలియాలి — ఆయనదీ ఈ లోయే మరి.

డెల్బర్ట్ హెల్మెట్ మీది దీపం వెలిగించుకుని, గట్టు పట్టుకుని దిగాడు. వంతెన కింద చీకటి ఇంకా చిక్కగా ఉంది. వాగు గులకరాళ్ల మీద గుసగుసలాడుతోంది. చివరి స్తంభం దగ్గరికి వెళ్లి, నిచ్చెన వేసి, సుత్తి ఎత్తి తట్టాడు.

డుబ్.

ఇంకోచోట — డుబ్. గట్టిగా కొట్టాడు. దుప్పటంత పెచ్చు ఊడి, తెల్లటి పొడి నెత్తి మీంచి బూట్ల దాకా జల్లుమని కురిసింది. కళ్లు తుడుచుకుంటుంటే...

"ఊఁ... ఊఁఊఁ... ఊఁఊఁఊఁ..."

డెల్బర్ట్ నిచ్చెన మీదే కొయ్యబారిపోయాడు. మూలుగు సన్నగా మొదలై, పైకి లేచి, అక్కడ వణికి, కింద పడింది. స్తంభం అవతలి వైపు నుంచి. కాదు... స్తంభంలోంచే.

'గాలి,' అనుకున్నాడు. చెట్ల మీద ఒక్క రెమ్మ కూడా కదలడం లేదు.

భయం వేసినప్పుడు చేతికి తెలిసిన పనే చేస్తుంది. అతని చెయ్యి దానంతటదే స్తంభాన్ని తట్టింది. టక్... టక్.

మూలుగు టక్కున ఆగిపోయింది.

డెల్బర్ట్ సుత్తి గాల్లోనే పట్టుకుని చెవి రిక్కించాడు.

అవతల నుంచి — టక్... టక్.

డెల్బర్ట్ జేబులో వాకీటాకీ వెతుక్కుని నోటి దగ్గర పెట్టుకున్నాడు. "రెనీ..." గొంతు చిట్టెలుక గొంతులా వచ్చింది. "వాడు జవాబు చెబుతున్నాడు..."

"ఎవడు?"

"స్తంభంలో వాడు!"

"రొట్టెకి ఆవముద్ద రాయించనా, వద్దా? ముందది చెప్పు."

అంతలో స్తంభం పక్క నుంచి ఓ చేతికర్ర బయటికి వచ్చింది. దాని వెనకాల ముడతలు పడ్డ చెయ్యి. దాని వెనకాల వణుకుతున్న గొంతు. "ప్రభువు నామంలో అడుగుతున్నా... నువ్వు... ఆ కాంక్రీటులో పడ్డవాడివేనా?"

"కాదు! నువ్వు కాదూ?"

"నేనెందుకవుతాను! నేను హోబర్ట్ క్లైన్‌ని!"

దీపం వెలుగులోకి వచ్చాడు. చెవుల టోపీ, చంకలో పాటల పుస్తకం. వాగు అవతలింటి ముసలాయన. పక్క లోయలో ఉండే డెల్బర్ట్‌కి పేరు తెలుసు. డెల్బర్ట్ నిచ్చెన దిగాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, పక్కనే ఉన్న బండ మీద ఒక్కసారే కూలబడ్డారు.

"చీకట్లో ఇక్కడేం చేస్తున్నావు తాతా?"

"పాడుకుంటున్నా నాయనా. ఏటా క్రిస్మస్‌కి చర్చిలో ఒక్క పాట నాదే. ఆకులు రాలడం మొదలైతే చాలు, సాధన మొదలుపెడతా. ఇంట్లో పాడనివ్వదు మా వెర్నా. కుక్క ఏడుస్తోందంటుంది. ఏడవడం కాదే, నాతో కలిసి పాడుతోంది అంటే వినదు. ఇక్కడైతే గొంతు ఎంత బాగా మోగుతుందో చూడు..." మళ్లీ నోరు తెరవబోయాడు.

"వద్దు వద్దు! విన్నా. చాలా బాగుంది."

"నిజంగానా?" ముసలాయన మొహం వెలిగిపోయింది. "ఈ మాట అన్నవాడివి నువ్వే మొదలు."

అప్పుడు డెల్బర్ట్‌కి నవ్వు వచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాడు. ముసలాయనా నవ్వాడు. పైన రోడ్డు మీద ఏదో కారు వెళ్లింది.

ఠంగ్!

డెల్బర్ట్ నవ్వు సగంలో తెగిపోయింది.

"తాతా... అది నువ్వు కాదుగా?"

"అదా? శరదృతువు మొదలైనప్పట్నుంచీ ఉందది. బండి వెళ్లినప్పుడల్లా మోగుతుంది. తాళానికి భలే పనికొస్తోందిలే."

డెల్బర్ట్ నిచ్చెన చివరి మెట్టు దాకా ఎక్కి దీపం పైకి తిప్పాడు. వంతెన బరువంతా మోసే ఉక్కు దూలం ఓ ఇనుప పలక మీద కూర్చోవాలి. పలక జరిగిపోయి, అంచున వేలాడుతోంది. దాని కింది కాంక్రీటు బిస్కెట్ పొడిలా రాలిపోయింది. దూలానికీ స్తంభానికీ మధ్య... అతని చెయ్యి దూరింది. మణికట్టు దాకా.

దెయ్యం వల్ల పుట్టిన భయం వేరు, ఇది వేరు. ఇది చల్లగా ఉంది.

"రెనీ! రొట్టెలు అవతల పారేసి రా! బంకు వైపు దారికి బండి అడ్డంగా పెట్టు! ఒక్కణ్ని కూడా వంతెన ఎక్కనివ్వకు!"

ఈసారి రెనీ ఎగతాళి చెయ్యలేదు. "వస్తున్నా," అంది.

అవతలి దారి మిగిలింది. కొండ వంపులో... అప్పుడే వినిపించింది. గేరు మారుస్తూ దిగుతున్న బొగ్గు లారీ. నిండు బరువు.

డెల్బర్ట్ గట్టు మీదికి నాలుగు కాళ్ల మీద పాకాడు. వెనకాల ముసలాయన చేతికర్ర పొడుచుకుంటూ ఎక్కుతున్నాడు. "నేనేం చెయ్యను నాయనా?"

"అరువు తాతా! గట్టిగా అరువు!"

హోబర్ట్ క్లైన్‌కి అరవడం రాదు. వచ్చింది ఒక్కటే. గుండెల నిండా గాలి పీల్చి అదే ఎత్తుకున్నాడు.

"ఊఁఊఁ... ఊఁఊఁఊఁ...!"

లారీ వంపు తిరిగింది. రోడ్డు నడిమధ్యన డెల్బర్ట్ రెండు చేతులూ ఎత్తి, సుత్తి ఊపుతూ, "వెనక్కి పో! వెనక్కి పో!" అని గొంతు చించుకున్నాడు. హారన్ మోగింది... మోగుతూనే ఉంది... టైర్లు కీచుమన్నాయి. కాలిన రబ్బరు వాసన. డెల్బర్ట్ కళ్లు మూసుకున్నాడు.

తెరిచేసరికి లారీ ముందు కమ్మీ అతని ముక్కుకి బారెడు దూరంలో ఉంది. వంతెన అంచు అతని మడమల కింద ఉంది.

లారీ తలుపు తెరుచుకుంది. డ్రైవరు దూకాడు. కృతజ్ఞతలు చెబుతాడేమో అనుకున్నాడు డెల్బర్ట్. వాడు కొండ మీదికి పరిగెత్తాడు. బూటు ఒకటి రోడ్డు మీదే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే వంతెన మూసేశారు. పెద్ద ఇంజనీర్లు వచ్చి ఆ సందులో తామూ చేతులు పెట్టి చూసి, ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మరమ్మతు కోసం వరసలో ఎక్కడో వెనక ఉన్న మడ్‌లిక్ పేరు ముందుకొచ్చి కూర్చుంది.

వారం తర్వాత రోడ్డు పక్క హోటల్లో డెల్బర్ట్, రెనీ రొట్టెలూ గ్రేవీ తింటున్నారు. పక్క బల్ల దగ్గర జనం మూగారు. మధ్యలో ఆ లారీ డ్రైవరు వేడ్ రాట్‌లిఫ్, గొంతు తగ్గించి చెబుతున్నాడు.

"నా రెండు కళ్లతో చూశాను. ఒళ్లంతా కాంక్రీటు... నుదుట నిప్పు... చేతిలో సుత్తి. నరకంలోంచి వచ్చినట్టు వెనకాల ఓ ఏడుపు! వాడే నన్ను ఆపాడు. వాడే లేకపోతే నేనూ నా లారీ వాగులో ఉండేవాళ్లం. ఎవడేమన్నా ఇకమీదట ఆ దెయ్యాన్ని నేను ఒక్క మాట అననివ్వను..."

డెల్బర్ట్ కళ్లు చెమర్చాయి. లేచి వెళ్లి నిజం చెబుదామని కుర్చీ వెనక్కి జరిపాడు కూడా.

"...కానీ ఒక్కటి ఒప్పుకోవాలర్రా," అన్నాడు వేడ్, రెండు చేతులూ బారజాపి కొలత చూపిస్తూ. "అంత లావు దెయ్యాన్ని నా జన్మలో చూళ్లేదు."

డెల్బర్ట్ మెల్లగా మళ్లీ కూర్చున్నాడు. గ్రేవీ గిన్నె రెనీ వైపు తోశాడు.

"రెనీ..." అన్నాడు గుసగుసగా. "మరీ అంత లావా నేను?"