కాల్డర్‌కి వినిపించని గొంతు

డిసెంబరు శనివారం సాయంత్రం. రేడియోలో హైస్కూలు బాస్కెట్‌బాల్ ఆట చివరికొచ్చింది. టర్నర్‌ఫోర్క్ జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. సరిగ్గా అప్పుడే స్టూడియో గడియారం ఐదు కొట్టింది.

"శ్రోతలారా, పొద్దు వాలింది. రేపు ఉదయం కలుద్దాం," అని అనౌన్సర్ ఆర్డిస్ పంటిబిగువున చెప్పి మీట దించింది. ఊళ్లో ప్రతి రేడియోలోనూ గరగర.

వాళ్ల స్టేషన్ లైసెన్సు పగటి ప్రసారాలకే. పొద్దు వాలాక ఆకాశం చిన్న స్టేషన్ గొంతుని కూడా వందల మైళ్లు మోసుకుపోయి, డయలు మీద అదే నంబరున్న కాల్డర్ ఊరి స్టేషన్ మీద పడేస్తుంది. రాత్రిళ్లు కూడా ప్రసారం చేస్తామని ఆర్డిస్ తండ్రి గుస్టవ్ వాషింగ్టన్‌కి అర్జీ పెడితే, కాల్డర్ వాళ్లు అభ్యంతరం చెప్పారు. చలికాలపు సాయంత్రాలు లేని స్టేషన్‌కి ప్రకటనలెవరిస్తారు? ఇలాగే ఉంటే మరో చలికాలానికి మూసెయ్యాల్సిందే.

ఫోన్లు మోగుతుండగానే తలుపు తెరుచుకుంది. ప్రసారాల జోరు కొలిచే సూట్‌కేసంత పెట్టె చేతిలో పట్టుకుని, మంచు దులుపుకుంటూ ఓ పొడుగాటి యువకుడు.

"గుడ్ ఈవినింగ్. నేను వెండెల్ క్రౌస్‌ని. కాల్డర్ స్టేషన్ ఇంజనీర్ని."

"ఓహో, మా నోరు నొక్కింది మీరేనా? రండి రండి. ఈ ఫోన్లెత్తి ఆట ఎవరు గెలిచారో మీరే చెప్పండి!"

అతను నిజంగానే ఫోనెత్తాడు. "తెలీదమ్మా... కాదండీ, నాది కాల్డర్..." ఆ మాటతో అవతలి నుంచి తిట్లు మొదలయ్యాయి. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆర్డిస్‌కి నవ్వాగలేదు.

కాసేపటికి గుస్టవ్‌తో కలిసి ముగ్గురూ ఎదురుగా ఉన్న కేఫ్‌లో కూర్చున్నారు. వెండెల్ కూడా ఆ ఊరివాళ్లలాగే వేడి చిల్లీ కూరలో తియ్యటి దాల్చినచెక్క రోల్ ముంచుకుని తింటున్నాడు. శత్రువు అభిరుచి ఇంత బాగుండటం ఆర్డిస్‌కి నచ్చలేదు.

"నెల నుంచీ మా ఊరి శివార్లలో ట్రక్కు ఆపి కొలుస్తున్నాను," అన్నాడతను. "పొద్దు వాలబోయే వేళకే మా వాతావరణ వార్తల మీద మీరు చదివే పందుల ధరలు పడుతున్నాయి. మొన్న ఓ ముసలి రైతు తుఫాను హెచ్చరిక సగమే విన్నాడు. పశువుల్ని లోపలికి తోలుకోలేకపోయాడు."

ఆర్డిస్ చెంచా కింద పెట్టింది. కాల్డర్‌లో వినేవాళ్ల సంగతి ఆమె ఎన్నడూ ఆలోచించలేదు.

"నెల నుంచీ నా గొంతు వింటున్నారా?" అంది మెల్లగా.

"కొలుస్తున్నాను."

"ఎంతుందేమిటి?"

"పందుల ధర పడిపోయిన రోజు కాస్త తగ్గుతుంది."

గుస్టవ్ దగ్గు నటించాడు. "ఇంతకీ మందేమిటో చెప్పు అబ్బాయ్."

"రెండో టవరండీ. రెంటినీ జత చేస్తే గొంతుని కావలసినవైపు తిప్పుకోవచ్చు. రాత్రిళ్లు మీ జిల్లా అంతా వినిపిస్తుంది. కాల్డర్‌కి మాత్రం వీపు తిప్పినట్టే. అది నేను రుజువు చేస్తే మావాళ్లు అభ్యంతరం వదులుకుంటారు."

ఆ ఏడాదంతా అతని ఆదివారాలు టర్నర్‌ఫోర్క్‌లోనే గడిచాయి. రెండో టవరు కోసం మొక్కజొన్న చేలలో రాగితీగ పరుస్తూ, పరుస్తూ, "మీరు" కాస్తా "నువ్వు" అయింది. కానీ ఆర్డిస్ మనసులో ఓ ముల్లు. అతను ఎంత బాగా పనిచేస్తే, అతని ఊళ్లో ఆమె గొంతు అంతగా చెరిగిపోతుంది. ఆ మాట అతనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. పొరుగువాడి కోసం తప్పుకోవడం మంచితనమే. ఆ పొరుగువాడు వెండెల్ కావడమే కష్టం.

మళ్లీ డిసెంబరు. రాత్రి ప్రసారాలకి లైసెన్సు వచ్చింది. గడియారం ఐదు కొట్టింది. గుస్టవ్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఆర్డిస్ మీట దించలేదు.

"శ్రోతలారా, పొద్దు వాలింది. మేం ఇంకా ఉన్నాం," అంటూ తల ఎత్తింది. అద్దం అవతల వెండెల్! ఉండబట్టలేక తలుపు తీసింది.

"నువ్విక్కడేమిటి? కాల్డర్‌లో కొలవాలి కదా!"

"నిన్న రాత్రి పరీక్ష ప్రసారంలోనే కొలిచేశాను. నీ గొంతు ఇసుమంతైనా వినిపించలేదు. నా జీవితంలో ఇంత బాగా చేసిన పని లేదు, ఆర్డిస్." అతను ఓ అడుగు ముందుకేశాడు. "ఆ నిశ్శబ్దంలో ఒక్కరాత్రి కూడా ఉండలేకపోయాను. కాల్డర్‌లో ఉద్యోగం వదిలేశాను. నన్ను పెళ్లి చేసుకుంటావా?"

ఆర్డిస్ నోరు తెరవబోయి, బల్లవైపు చూసి కొయ్యబారింది. మైకు మీద ప్రసారపు ఎర్రదీపం ఇంకా వెలుగుతోంది.

స్టూడియోలో ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి. గుస్టవ్ తాపీగా ఒకటి ఎత్తాడు.

"ఆఁ, విన్నాను. నాకు ఇష్టమే... ఉండమ్మా, అది ఇంకా ఏమీ అన్లేదు." కూతురివైపు తిరిగాడు. "జిల్లా అంతా కాచుక్కూర్చుంది తల్లీ. చెప్పు."

ఆర్డిస్ వెండెల్ చెయ్యి పట్టుకుని మైకు దగ్గరికి లాక్కెళ్లింది.

"చేసుకుంటాను," అంది.

ఒక్క కాల్డర్‌కి తప్ప ఆ మాట అందరికీ వినిపించింది.